ఆయుధపూజ నాడు నేను తుడిచేసిన పాటలు

చిన్నప్పుడు మా అమ్మ నన్ను తిట్టే తిట్టు ఒకటే. "చేతిలో పొరక పెట్టుకోనే పుట్టినావే నువ్వు!" అనేది. అందులో అబద్ధమేమీ లేదు. గూట్లో పాత చీటీ కనపడితే చించేదాన్ని, మూతలేని డబ్బా కనపడితే గిరాటేసేదాన్ని. ఒకసారి మా తాత దగ్గుకు వాడే కషాయం పొడిని బూడిద అనుకొని అంట్ల గిన్నెలు తోమేశాను. గిన్నెలు తళతళా మెరిశాయి. తాత నాలుగు రోజులు దగ్గుతూనే నన్ను తిట్టాడు.

పెళ్లయి మదనపల్లెకు వచ్చాక ఆ గుణం ఇంకా ముదిరింది. తొంభైల చివర్లో బస్టాండు దగ్గర సందులో మా ఆయన జిరాక్సు మిషను పెడితే, దాని పక్కనే నేను ఒక కంప్యూటరు పెట్టుకున్నాను. పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పిల్లల బయోడేటాలు, సంతాప సభల కార్డులు, అన్నీ తెలుగులో టైపు చేసి ఇచ్చేదాన్ని. కంప్యూటరు మీద దుమ్ము పడకుండా గుడ్డతో ఒక తొడుగు కుట్టాను. కీబోర్డును వారానికోసారి బోర్లించి దులిపేదాన్ని. లోపల కూడా దుమ్ము ఉంటుందని నాకు తెలిసింది మాత్రం ఒక అవ్వ పాటలు టైపు చేస్తున్నప్పుడే.

అవ్వది పెద్దమండ్యం పక్కన ఒక పల్లె. పుంగనూరులో రైతుల ఇంటికి కోడలుగా వచ్చి యాభై ఏళ్లు దాటింది. పొడుగ్గా, నిటారుగా ఉండేది. పెళ్లిళ్లలో మగపెళ్లివాళ్లు బంతిలో భోజనానికి కూర్చుంటే, ఆడపెళ్లివాళ్ల తరఫున నిలబడి వాళ్లను ఎగతాళి చేస్తూ పాడే పాటలు ఆ చుట్టుపక్కల ఆమెకు వచ్చినన్ని ఇంకెవరికీ రావు. ఆమె వస్తోందంటే వియ్యపురాళ్లు ముందే చీర సవరించుకొని కూర్చునేవాళ్లంట.

ఒక గురువారం పొద్దున బస్సు దిగి నేరుగా మా అంగట్లోకి వచ్చింది. మెడ దగ్గర నిమ్మకాయంత వాపు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పాపా, గొంతులో గడ్డ లేచింది. బెంగుళూరులో కోసి తీస్తారంట. తీసినాక గొంతు వస్తాదో రాదో చెప్పలేమంటాండారు డాక్టర్లు. కార్తీకంలో నా మనమరాలి పెండ్లి. అప్పటికి నా పాటలన్నీ పుస్తకమైపోవల్ల. ఆడోళ్లందరి చేతిలో ఒక్కో పుస్తకం పెడితే, నేను పాడకపోయినా వాళ్లు పాడతారు."

"నోటుబుక్కులో రాసుకోని రా అవ్వా, కొట్టిస్తాను" అన్నాను.

"రాస్తే రాదు పాపా. మూడు బుక్కులు చెడగొట్టినా. పల్లవి రాస్తే రెండో చరణం యాడికి పోతాదో పోతాది. పాడితేనే వస్తాది."

"టేపురికార్డరు పెట్టి పాడొచ్చు గదా?"

"అదీ పెట్టినాడు నా మనమడు. ఆ పెట్టెను సూసి ఎట్ల నవ్వేది, ఎవురిని తిట్టేది? ఎదురుగా ఒక వియ్యపురాలు ఉండల్ల. ఈ పూటకు నువ్వే నా వియ్యపురాలు. టైపు కొట్టు."

అంతే, గొంతెత్తింది.

వచ్చింది వచ్చింది వియ్యపురాలు
పొరుగింటి సీర కట్టి వచ్చింది
సీర కోసమొస్తే పొరుగింటమ్మ
బంతిలోనే లేచి బిత్తరపోయింది

జిరాక్సు కోసం నిలబడిన వాళ్లంతా పకపకా నవ్వారు. నేను కట్టుకున్నది నా సొంత చీరే అయినా ఎందుకో కొంగు సర్దుకున్నాను. మా ఆయన జిరాక్సు మిషను మూత కింద తల పెట్టి నవ్వుకుంటున్నాడు. ఒళ్లు మండింది నాకు. కానీ చేతులు టైపు చేస్తూనే ఉన్నాయి.

అలా గురువారం గురువారం వచ్చేది. సంచిలో ఉడకబెట్టిన చెనిక్కాయలు తెచ్చేది, నాకు కొన్ని పెట్టి, వెంటనే పాటలో తిట్టేది. నా ముక్కు మీద, నా నడక మీద, నా వంట మీద. నేను ఎప్పుడూ వండి పెట్టనే లేదు ఆమెకు! "ఊరికే పాటకు పాపా, మనసులో పెట్టుకోవద్దు" అంటూనే ఇంకో చరణం అందుకొనేది. మూడో వారానికి నాకూ నోటికి వచ్చేశాయి. అంట్లు తోముతూ నేనూ కూనిరాగం తీసేదాన్ని. ఒకసారి అవ్వ ముందే తీశాను. చెవుల్లో వేళ్లు పెట్టుకుంది. "వాన వస్తాదేమో సూడు పాపా, కప్ప కూస్తాండాది" అంది.

రెండో గురువారం కరెంటు పోయింది. మా యూపీయస్ కుయ్యి కుయ్యి మని అరిచి, నేను సేవ్ నొక్కేలోపే కన్ను మూసింది. కరెంటు వచ్చాక కంప్యూటరు ఆన్ చేస్తే పాటల ఫైలు దానంతట అదే తెరుచుకుంది, ఒక్క చరణం కూడా పోకుండా. "సెబాసు!" అనుకున్నాను. ఆ రోజు మొదలు ఆ ఫైలులోనే టైపు చేస్తూ, సేవ్ నొక్కుతూ పోయాను. మరుసటి వారం నుంచి మెనూలో కింద చివరగా తెరిచిన ఫైళ్లు నాలుగు కనిపిస్తాయి కదా, పత్రికల పనంతా వేరే ప్రోగ్రాంలో చేస్తాను గనక అక్కడ ఎప్పుడూ పాటల ఫైలే మొదట ఉండేది, దాన్ని నొక్కితే పాటలు వచ్చేవి. దాని పేరేమిటో, అది ఎక్కడ ఉందో నేను చూసిన పాపాన పోలేదు. తెర మీద "అవ్వ పాటలు" అని మొదటి వారం నేను పెట్టిన పాత ఫైలు ఒకటి ఉంది కదా, అదే ఇది అనుకున్నాను. ఫ్లాపీలోకి కూడా దాన్నే ఎక్కించి, పైన పేరు రాసి, బీరువాలో భద్రంగా పెట్టాను. నా అంత జాగ్రత్తపరురాలు మదనపల్లెలోనే లేదని నా నమ్మకం.

అవ్వ ఆపరేషనుకు పోయే ముందు చివరి గురువారం. నలభై ఒకటో పాట మధ్యలో తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. సి డ్రైవులో చోటు అయిపోయిందంట. ఏమేం నిండి ఉన్నాయో చూద్దామని వెతికితే, టెంప్ అనే ఫోల్డరులో వందల కొద్దీ ఫైళ్లు. ఒక్కదాని పేరూ మనిషి పెట్టిన పేరులా లేదు. ముందు ఒక వంకర గీత, తర్వాత నాలుగు పొడి అక్షరాలు, సున్నాలు, చివర టి.ఎం.పి. అని ఒక తోక. నేను పెట్టలేదు, మా ఆయన పెట్టలేదు. ఎవరు పెట్టారు?

"ఏంది పాపా, అట్ల సూస్తాండావు?" అని అవ్వ అడిగింది.

"ఏవో ఫైళ్లు అవ్వా. ఏందో తెలీదు. ఎత్తేద్దామా, ఉంచుదామా అని."

అవ్వ కళ్లద్దాలు సర్దుకొని తెరకు ముక్కు ఆనించి చూసింది.

"మా అత్త అటక మింద ఇత్తనాల మూటలుండేవి. ఏం ఇత్తనమో, ఎప్పుడు కట్టిందో ఆమెకే గుర్తుండదు. పారేద్దామా అంటే ఒప్పుకొనేది కాదు. నాలుగు గింజలు చేని గట్టు మింద సల్లు, మొలిస్తే దాని పేరు అదే చెప్తాది, మొలవకపోతే కోళ్లకెయ్యి అనేది. తెలీనిదాన్ని పక్కన పెట్టు పాపా. పారెయ్యొద్దు."

"సరే అవ్వా" అన్నాను. విత్తనాలకూ కంప్యూటరుకూ ఏం సంబంధమని లోపల నవ్వుకున్నాను కూడా. అప్పటికి రెండు పాత పత్రికలు తీసేసి చోటు చేసుకొని, నలభై ఒకటో పాట పూర్తి చేశాం. అవ్వ లేచి నిలబడి నా తల మీద చెయ్యి పెట్టింది. "ఇంక భయం లేదు. అన్నీ నీ పెట్టెలో ఉండాయి" అంది. ఆ మాట తర్వాత నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ఆమె బెంగుళూరుకు వెళ్లాక ఆ తోక ఫైళ్లు నా కంట్లో నలుసులా పడ్డాయి. అడిగిన వాళ్లంతా తలోమాట చెప్పారు. నాకు కంప్యూటరు నేర్పిన మాస్టరు "సిస్టం ఫైళ్ల జోలికి పోవద్దమ్మా, మిషను లేవదు" అన్నాడు. పత్రిక కొట్టించుకోను వచ్చిన టమోటా మండీ ఆయన "అది వైరస్సు, మా బావమరిది కంప్యూటరులో గూడా అదే" అని తేల్చేశాడు. మా ఆయన "దానికి నువ్వు అన్నం పెడతాండావా? ఉంటే ఉండనీ" అన్నాడు. ఉంటే ఉండనీ అనే మాట నా చెవికి పడదు.

సరే, నేనే పరీక్ష పెట్టాను. సైజు సున్నా అని చూపించేవి ముందు తీశాను. ఏమీ కాలేదు. కంప్యూటరు లేచింది, ప్రింటు వచ్చింది. మరుసటి రోజు రెండేళ్ల కిందటి తేదీలున్నవి ఇంకొన్ని తీశాను. అప్పుడూ ఏమీ కాలేదు. అక్కడితో నాకు కొమ్ములు మొలిచాయి.

ఇంతలో దసరా వచ్చింది. మహానవమికి మా వైపు ఆయుధపూజ గురించి చెప్పక్కర్లేదు. సైకిలు అంగడి వాడు పానాలు కడుగుతాడు, మంగలి కత్తెరలు తోముతాడు, బస్సులకు అరటి పిలకలు కడతారు. పూజ తర్వాత ఆ పనిముట్టును ఎవరూ ముట్టకూడదు. దశమి పొద్దున మళ్లీ దండం పెట్టి, మంచి పనితో మొదలుపెట్టాలి. మా అంగట్లో జిరాక్సు మిషనును మా ఆయన తుడిచాడు. కంప్యూటరు నా వంతు. బయట తుడిచాను, వైర్లు తుడిచాను, మౌసు బోర్లించి అందులోని గుండు తీసి కడిగాను. అంతా అయ్యాక అనిపించింది, సరస్వతి లాంటి మిషనుకు పైపైన స్నానం చేయించి కడుపులో కసువు ఉంచడమేమిటని. పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు! టెంప్ ఫోల్డరు తెరిచాను. మొత్తం ఒకేసారి పట్టుకున్నాను. చెత్తబుట్టలో కూడా మిగలకుండా శాశ్వతంగా తీసేసే పద్ధతి ఉంది కదా, అదే వాడాను. నిజంగా తీసేయాలా అని అడిగింది పాపం. అవునన్నాను. అవి పేర్ల వరుసలో ఉన్నాయి. తేదీల వరుసలో పెట్టి చూసి ఉంటే, అన్నిటికన్నా పైన పోయిన గురువారం తేదీతో ఒకటి కనిపించేది. చూడలేదు.

ఆపేసి, గంధం పూసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేశాను. లారీ చక్రం కింద పెట్టినట్టు మౌసు కింద నిమ్మకాయ పెడదామని మా ఆయన వేళాకోళం చేస్తే, నేను నిజంగానే పెట్టాను. గుమ్మడికాయ పగిలింది. ఇంటికి పోయి, బొబ్బట్లంటారే, ఆ ఓళిగలు తిని హాయిగా పడుకున్నాను.

దశమి పొద్దున స్నానం చేసి అంగడి తెరిచాను. ఏడాదికి మొదటి పని మంచిదై ఉండాలి కదా, అవ్వ పుస్తకంతోనే మొదలు పెడదామనుకున్నాను. ఆపరేషను అయిందని, ప్రాణానికి ఏమీ భయం లేదని, గొంతు మాత్రం పోయిందని ముందు రోజే కబురు వచ్చింది. పుంగనూరుకు తీసుకొచ్చేశారంట. మెనూలో మొదటి ఫైలును నొక్కాను. ఫైలు కనపడలేదంది. మళ్లీ నొక్కాను. మళ్లీ అదే మాట. అప్పుడు మొదటిసారి దాని పేరు చదివాను. వంకర గీత, పొడి అక్షరాలు, సున్నాలు, టి.ఎం.పి.

తెర మీద ఉన్న "అవ్వ పాటలు" తెరిచాను. తొమ్మిది పాటలున్నాయి. బీరువాలోంచి ఫ్లాపీ తీశాను. దాంట్లోనూ తొమ్మిదే. కరెంటు పోయిన రోజు ఆ మిషను నా పాటలను కాపాడి తన సొంత పేరుతో టెంప్‌లో దాచుకుంది. నేను వారం వారం అక్కడికే పోసుకుంటూ వచ్చాను. మిగతా ముప్పై రెండు పాటలు ఆ ఒక్క ఫైలులోనే ఉన్నాయి. దాన్ని నా చేతులతో నేనే చిమ్మేశాను. కుర్చీలో కూలబడి ఏడ్చాను. పూజ చేసిన పొద్దున ఏడవకూడదని మా ఆయన అంటే ఆయన మీద అరిచాను.

అప్పుడు గుర్తొచ్చాడు కుప్పం మెకానిక్కు. రోజూ రైల్లో బెంగుళూరుకు పోయి కంప్యూటర్లు బాగుచేసేవాడు. మా మిషను కూడా ఒకసారి వచ్చి చూశాడు. పండుగకు ఇంట్లోనే ఉన్నాడు, ఫోను ఎత్తాడు.

"అక్కా, ఏడవద్దు. చెప్పు. డిలీట్ చేసినాక దాంట్లో ఏమన్నా టైపు కొట్టినావా? కాపీ ఎక్కించినావా?"

"లేదప్పా. వెంటనే ఆపి పూజ చేసినాను. నిన్నంతా ఎవురూ ముట్టలేదు. ఇప్పుడే ఆన్ చేసినాను."

"అబ్బ! ముట్టలేదా? అయితే వైరు పెరుకు. షట్‌డౌన్ గూడా చెయ్యొద్దు, వైరు పెరుకు. పెట్టెను పెట్టినట్టే ఈడికి తీసకరా."

పెరికాను. మానిటరు వదిలేసి, పెట్టెను దుప్పట్లో చుట్టి, మా ఆయనను అంగట్లో ఉంచి, నేనొక్కదాన్నే బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చొని ఒళ్లో పెట్టుకున్నాను. బస్సు కుదుపుకు దుప్పటి జారి గంధం, కుంకుమ, బంతిపూల దండ బయటపడ్డాయి. టికెట్లు కొట్టే కండక్టరు ఒక్క నిమిషం నిలబడిపోయి చెప్పులు విడిచాడు.

"ఏ దేవుడమ్మా? యాడికి?"

"కుప్పానికి" అన్నాను. అంతకన్నా ఏం చెప్పను! వెనక సీటు ముసలాయన వంగి పెట్టెకు దండం పెట్టాడు. ఇంకొకామె దండలోంచి ఒక పువ్వు తుంచుకొని జడలో పెట్టుకుంది. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

పుంగనూరు బస్టాండులో బస్సు పది నిమిషాలు ఆగింది. అవ్వ ఇల్లు అక్కడికి రెండు వీధుల దూరం. దిగి చెప్పే ధైర్యం లేదు. వాళ్ల ఇంటివాళ్లు ఎవరన్నా చూస్తారేమోనని కొంగు మొహం మీదికి లాక్కొని, పెట్టె మీద తల వాల్చి, కుక్కిన పేనులా పడి ఉన్నాను. బస్సు కదిలి పలమనేరు దారి పట్టాక గానీ ఊపిరి పీల్చుకోలేదు. సిగ్గుచేటు. ఆ పది నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే కోపం వస్తుంది.

కుప్పంలో ఆ అబ్బాయి పెట్టె విప్పి, లోపలి డిస్కును తీసి, తన కంప్యూటరుకు తగిలించాడు. ఏదో ప్రోగ్రాం పెట్టాడు. తెర మీద ఒక్కొక్క ఫైలు పేరు రావడం మొదలైంది. అన్నిటికీ ముందు ఒక ప్రశ్న గుర్తు.

"ఆ గుర్తేంది?"

"డిలీట్ చేస్తే సిస్టం చేసేది అంతే అక్కా. పేరులో మొదటి అక్షరం తుడిచేస్తాది. ఈ చోటు ఖాళీ అని రాసుకుంటాది. లోపలిది లోపలే ఉంటాది. దాని మింద వేరేది రాస్తేనే నిజంగా పోయేది. నువ్వు నిన్న పని చేసింటే ఈపాటికి పోయుండేది. మొదటి అక్షరం మనం చెప్తే మిగిలింది అదే వస్తాది."

పూజ వంకతో తుడిచింది నేనే. పూజ పేరు చెప్పి ఒక రోజంతా దాన్ని ముట్టకుండా ఉన్నదీ నేనే. ముంచిందీ తేల్చిందీ ఒకటే పండగ! ఆ అబ్బాయి తేదీల వరుసలో పెట్టాడు. పోయిన గురువారంది పైనే ఉంది. ప్రశ్న గుర్తు ఉన్న చోట వంకర గీత కొట్టాడు. తెరిచాడు. "వచ్చింది వచ్చింది వియ్యపురాలు" అని కనపడగానే నేను అరిచిన అరుపుకు వాళ్లమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

కానీ కిందికి పోతే ముప్పయ్యో పాట తర్వాత అక్షరాలు లేవు. డబ్బాలు, గీతలు, పిచ్చి గుర్తులు. పొద్దున నేను మిషను ఆన్ చేసినప్పుడు అది తన పనికి ఆ చోటు కొంత వాడేసుకుంది. చివరి పదకొండు పాటలు పోయాయి. అబ్బాయి సాయంత్రం దాకా ఇంకెన్నో విధాలుగా ప్రయత్నించాడు. "ఇంతే అక్కా" అన్నాడు చివరికి. మరుసటి బస్సుకు నన్ను ఎక్కిస్తూ, "ఈసారి తెలీని ఫైలు కనపడితే వేరే ఫోల్డరులో పెట్టు. మూడు నెలలు సూడు. ఎవురూ అడగకపోతే అప్పుడు తియ్యి" అన్నాడు. అటక మీది విత్తనాల మూటలు గుర్తొచ్చి నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

తిరుగు దారిలో పుంగనూరులో దిగాను. పెట్టెతోనే వాళ్లింటికి పోయాను. అవ్వ నడవలో మంచం మీద కూర్చుని ఉంది. మెడకు తెల్ల కట్టు. ఒళ్లో పిల్లల పలక, చేతిలో బలపం. నన్ను చూడగానే మొహం విప్పారింది. నోరు తెరిచింది, గాలి తప్ప ఏమీ రాలేదు. నేను పెట్టె కింద పెట్టి, ఆమె కాళ్ల దగ్గర కూర్చొని, మొత్తం చెప్పేశాను. దాచలేదు. పదకొండు పాటలు పోయాయని, నేనే తుడిచేశానని, ఆమె వద్దన్నా వినలేదని.

అవ్వ కోప్పడితే బాగుండు అనిపించింది. ఆమె పలక తీసుకొని ఏదో రాయబోయి, ఆగి, కళ్లు మూసుకొని పెదాలు కదిలించింది. రాలేదు. మళ్లీ కదిలించింది. ఆమె చెప్పిందే నిజమైంది, పాడితే తప్ప ఆ పాటలు ఆమెకే రావు. కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను ఆమె మోకాళ్లు పట్టుకొని భోరుమన్నాను.

చాలాసేపటికి నా భుజం మీద తట్టింది. పలక మీద ఒకే మాట రాసి ఉంది. "నెయ్యేది".

నాకు ముందు అర్థం కాలేదు. ఆమె అరచేతితో మంచం కోడు మీద తాళం వేసింది, రెండు పొడుగు దెబ్బలు, మూడు పొట్టివి. నా నోరు దానంతట అదే తెరుచుకుంది.

నెయ్యేది నెయ్యేదని కేకేసె వియ్యపురాలు
ఇంట్లోన మజ్జిగకు మొగం వాచినాదంట

ఐదో గురువారం నా వంటింటిని తిడుతూ పాడిన పాట అది! ఆమె నా మొహం మీదికి వేలు చూపిస్తూ పాడింది, నేను ఉడుక్కుంటూ టైపు చేశాను. తిట్లు ఎవరు మరిచిపోతారు? రెండు చరణాలు అయ్యాక తడబడ్డాను. అవ్వ వేలు అడ్డంగా ఊపి, ఇంకో మాట రాసింది. దాన్ని పట్టుకొని మిగతాది పాడాను. పాట అయిపోగానే తుడిచి, "కప్ప" అని రాసి నాకు చూపించింది. ఇద్దరం నవ్వాం. ఆమె నవ్వుకు చప్పుడు లేదు.

తర్వాత రెండు వారాలూ నేనే బస్సెక్కి పుంగనూరుకు పోయాను. ఆమె మొదటి మాట రాసేది, నేను పాడేదాన్ని, ఆమె మనమరాలు కాగితం మీద రాసుకునేది. అలా ఎనిమిది పాటలు వచ్చాయి. మూడు రాలేదు. వాటి మొదటి మాట కూడా అవ్వకు గుర్తు రాలేదు, నాకూ రాలేదు. ఎప్పటికీ రాలేదు. వాటికి నేనే బాధ్యురాలిని, ఇందులో మాట మార్చేదేమీ లేదు.

కార్తీకంలో పెళ్లి జరిగింది. గులాబి రంగు అట్టతో పుస్తకాలు కొట్టించి తీసుకుపోయాను. ఆడవాళ్లందరి చేతుల్లో ఉన్నాయి. అయినా మగపెళ్లివాళ్ల బంతి సాగుతున్నా ఒక్కరూ నోరు విప్పలేదు. "నువ్వు మొదలుపెట్టు", "నువ్వే మొదలుపెట్టు" అని ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటున్నారు. ఇంతలో పెళ్లికొడుకు తల్లి, పట్టుచీరలో నిండుగా ఉన్న మనిషి, వడ్డించే ఆయనను పిలిచి నెయ్యి కావాలంది.

అవ్వ నా మోకాలి మీద గట్టిగా కొట్టింది.

నేను వాళ్ల బంధువును కూడా కాను, పత్రికలు కొట్టేదాన్ని. కానీ మంచం కోడు లేకపోయేసరికి అవ్వ నా వీపు మీదే తాళం వేస్తోంది. లేచి నిలబడ్డాను. కప్ప గొంతుతోనే అందుకున్నాను. నెయ్యేది నెయ్యేదని కేకేసె వియ్యపురాలు. బంతిలో అందరి చేతులూ విస్తళ్ల మీద ఆగిపోయాయి. ఆ తర్వాత పెళ్లికొడుకు తల్లి గట్టిగా నవ్వేసి, "ఓయమ్మా, ఈ కాలంలో గూడా పాడేవాళ్లుండారా! పాడండి, పాడండి, నేనూ చెప్తా మీ సంగతి" అంది. అప్పుడు ఆడవాళ్లంతా పుస్తకాలు తెరిచి అందుకున్నారు. ఓళిగల పాట వచ్చేసరికి పందిరి అదిరిపోయింది.

ఓళిగ మింద ఓళిగ వెయ్యండమ్మా
వియ్యపురాలి కడుపు వేరే ఊర్లో ఉండాది

నేను గొంతు బొంగురుపోయి కూర్చున్నాను. అవ్వ పలక మీద నెమ్మదిగా, పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది. మళ్లీ కప్ప అనే రాస్తుందనుకొని, వంగి చూశాను.

"నేనే పాడినట్టు ఉండాది" అని ఉంది.

నేను చదవడం చూసి, ఎప్పటిలాగే కొంగుతో తుడవబోయింది. గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"తుడపొద్దవ్వా! ఉండనీ. కొంచేపు అట్లే ఉండనీ."

ఆమె నవ్వి పలక నా చేతికి ఇచ్చింది. బంతులన్నీ లేచి, విస్తళ్లు తీసి, పందిట్లో నీళ్లు చల్లేదాకా అది నా ఒళ్లోనే ఉంది.